జిహ్వకో రుచి సరే.. స్టార్లు ఎన్ని?

గోంగూర మటన్‌కి ఎవరో ఒక్క స్టార్ ఇచ్చారు. కింద కారణం కూడా రాశారు: "పుల్లగా ఉంది." ఫుడ్ డెలివరీ యాప్‌లలో ఇలాంటివి మీరూ చూసే ఉంటారు. గోంగూర పుల్లగా కాక ఇంకెలా ఉంటుందండీ? వండినాయన తప్పేముంది అందులో? కానీ ఆ ఒక్క స్టార్ వెళ్లి సగటులో కలిసిపోతుంది. రేపు గోంగూరంటే ప్రాణం పెట్టేవాడు ఆ సగటు చూసి పక్క హోటల్‌లో ఆర్డర్ పెట్టేస్తాడు.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. ఆ సామెత పూర్తిగా అర్థం కావాలంటే అడల్ట్ బీఎల్ మాంగా రేటింగ్స్ ఒకసారి చూడాలి. ఒకే పుస్తకానికి ఒకరు పదికి పది ఇస్తారు, "నా జీవితంలో బెస్ట్" అని. ఇంకొకరు ఒకటి ఇస్తారు, "ఛీ" అని. ఇద్దరూ పుస్తకం చదివినవాళ్లే. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మరి మూడో మనిషి ఏం చేయాలి? ఈ వారం ముచ్చట అదే.

ముందే ఒక మాట. ఇక్కడ చెప్పే పుస్తకాల్లో చాలావరకు 18 దాటినవాళ్ల కోసం. పాత్రలు కూడా పెద్దవాళ్లై ఉంటేనే నా లిస్టులోకి వస్తాయి. చిన్నపిల్లల్ని అలాంటి సీన్లలో పెట్టిన పుస్తకం ఎదురైతే దానికి రేటింగ్ లేదు, చర్చ లేదు, మూసేయడమే.

అసలు బీఎల్ అంటే?

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. బాయ్స్ లవ్, పొట్టిగా బీఎల్ అంటే ఇద్దరు మగవాళ్ల మధ్య ప్రేమకథలు. జపాన్‌లో పుట్టిన జానర్. గీసేవాళ్లలోనూ చదివేవాళ్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే. 1970ల్లో తకెమియా కెయికో, హగియో మోతో లాంటి రచయిత్రులు అమ్మాయిల మాంగా పత్రికల్లో ఈ దారి వేశారు. 1975 డిసెంబర్‌లో టోక్యోలో కామికెట్ అనే ఫ్యాన్ కామిక్స్ సంత మొదలైంది. 1978లో 'జూన్' అనే పత్రిక ఇలాంటి కథల కోసమే వచ్చింది. బాయ్స్ లవ్ అనే పేరు 1990ల్లో స్థిరపడింది.

అంతకుముందు నుంచీ ఉన్న ఇంకో పేరు యావోయి. "యమా నాషి, ఓచి నాషి, ఇమి నాషి" అనే మూడు మాటల మొదటి అక్షరాలవి. అంటే క్లైమాక్స్ లేదు, కొసమెరుపు లేదు, అర్థం లేదు అని. ఫ్యాన్ కామిక్స్ గీసే అమ్మాయిలు తమ పనిని తామే ఎగతాళి చేసుకుంటూ పెట్టుకున్న పేరు. ఒక రకంగా చూస్తే రేటింగ్ కూడా వాళ్లే ఇచ్చేసుకున్నారు: సున్నా, సున్నా, సున్నా. అయినా జనం ఎగబడి చదివారు. ఎందుకంటే వాళ్లు వెతుక్కునేది ఆ మూడు గళ్లలో లేదు.

రేటింగ్ గురించి నాకు అర్థమైనదంతా ఆ జోక్‌లోనే ఉంది. తప్పు గడిలో మార్కులు వేస్తే ఎంత మంచి పుస్తకానికైనా సున్నానే వస్తుంది.

ఒక్క నంబర్, మూడు ఉద్యోగాలు

నేను రోజూ డేటాబేస్‌లతో కుస్తీ పట్టే మనిషిని. మా దగ్గర ఎవరైనా ఒకే కాలమ్‌లో కస్టమర్ వయసు, పిన్‌కోడ్, బాకీ కలిపి పెడితే కోడ్ రివ్యూలోనే ఉతికి ఆరేస్తారు. కానీ రేటింగ్ అనేసరికి మనందరం చేసేది సరిగ్గా ఆ పనే.

ఒక అడల్ట్ రొమాన్స్ చదివాక మనసులో మూడు వేర్వేరు ప్రశ్నలకి జవాబులు ఉంటాయి. ఒకటి, పని ఎలా ఉంది? బొమ్మ, పేజీ అమరిక, మాటలు, కథ నడక. రెండు, నాకు నచ్చిందా? అది నా రుచి. మూడు, ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఎలా ఉన్నారు? అడిగారా, ఆగారా, "వద్దు" అంటే విన్నారా? మూడు జవాబుల్నీ కలిపి దంచి ఒక్క నంబర్‌లో కుక్కేస్తాం. తెలుగు సినిమా రివ్యూల్లో 2.75కీ 3కీ మధ్య తేడా ఏంటో ఎవరూ చెప్పలేనట్టే, ఇక్కడ 7కీ 8కీ మధ్య ఏం జరిగిందో ఎవరికీ తెలీదు.

సిరీస్‌లలో ఇంకో తిరకాసు కూడా ఉంది. వాల్యూమ్ 1 కంటే వాల్యూమ్ 5కి రేటింగ్ ఎక్కువ కనబడితే కథ పుంజుకుందని అనుకోకండి. మొదటిది నచ్చనివాళ్లు అక్కడే దిగిపోయారు. ఐదోదాకా వచ్చినవాళ్లంతా అభిమానులే. వాళ్లే ఓటేశారు. రెండో ఆటకి థియేటర్లో మిగిలిన ఫ్యాన్స్‌ని మాత్రమే అడిగి "పబ్లిక్ టాక్ సూపర్" అన్నట్టు ఉంటుంది. అందుకే ఏ సిరీస్ మొదలుపెట్టాలన్నా వాల్యూమ్ 1కి తక్కువ ఇచ్చినవాళ్లు ఏం రాశారో చూడండి. మీకు కావాల్సిన కబురు అక్కడే దొరుకుతుంది.

జపాన్ పాఠకులు వేసుకున్న ఐదు మెట్లు

జపాన్‌లో బీఎల్ కోసమే ఉన్న రివ్యూ వేదిక ఒకటుంది, పేరు చిల్ చిల్. ఏటా బీఎల్ అవార్డులు ఇచ్చేది కూడా వాళ్లే. అక్కడి రేటింగ్ మెట్లు నాకు భలే నచ్చుతాయి. అన్నిటికంటే పైన 'కమి', అంటే దేవుడు. తర్వాత 'మొయె ×2', ఆ తర్వాత 'మొయె'. మొయె అంటే గుండెలో చిన్న మంట అంటుకున్నట్టు ఉండే ఇష్టం. నాలుగోది తటస్థం. అట్టడుగు మెట్టు పేరేంటో తెలుసా? 'షుమి జానై'. అంటే "నా టేస్ట్ కాదు".

గమనించారా? కింది మెట్టు మీద "చెత్త" అని రాయలేదు, "ఘోరం" అని రాయలేదు. పుస్తకాన్ని తిట్టకుండా నా గురించి నేను చెప్పుకునే వీలు ఇచ్చారు. గోంగూర పుల్లగా ఉందన్న పెద్దమనిషి కూడా ఈ మెట్టు మీద హాయిగా కూర్చోవచ్చు. అదే మై ఆనిమె లిస్ట్‌లో అయితే పదికి మాస్టర్‌పీస్, ఐదుకి యావరేజ్, ఒకటికి అపాలింగ్ అని పేర్లుంటాయి. ఆ మాటలన్నీ పుస్తకం మీద తీర్పులే.

అడల్ట్ రొమాన్స్‌కి ఈ తేడా ఎందుకంత ముఖ్యం? డిటెక్టివ్ కథ నచ్చకపోతే బోర్ కొడుతుంది, అంతే. ఇక్కడ చదివేది మనిషి లోపలి ఇష్టాయిష్టాలకి తగిలే విషయం. ఒకరికి ఆఫీసులో బాసు, ఉద్యోగి ప్రేమ ఇష్టం. ఇంకొకరికి ఆ మాటంటేనే ఒళ్లు మంట. దానికి ఎవరూ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఎదుటివాళ్లని తక్కువ చేయనక్కర్లేదు.

కానీ రుచి వేరు, పాచి వేరు. పులుపు నచ్చలేదనడం రుచి. కూర పాడైపోయిందనడం రుచి కాదు, తర్వాత తినేవాళ్లకి హెచ్చరిక. మూడో ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

మందుపాతరలు

జపాన్ ఫ్యాన్స్ వాడే ఇంకో మాట 'జిరాయ్'. మందుపాతర అని అర్థం. చదువుతూ చదువుతూ కాలు వేశామో, పేలిపోతుంది. ఒకరికి మోసం చేసే పాత్ర జిరాయ్. ఒకరికి బలవంతం. ఒకరికి చివర్లో ఎవరో చనిపోవడం. 'మెరిబా' అని ఇంకోటుంది. 'మెర్రీ బ్యాడ్ ఎండ్'కి పొట్టి పేరు. చూసేవాళ్లకి విషాదం, ఆ ఇద్దరికీ మాత్రం అదే సుఖాంతం అన్నమాట. ఇన్ని పేర్లు పుట్టాయంటే, ముందే చెప్పడం ఒక మర్యాద అని ఆ పాఠకులు తెలుసుకున్నారనే కదా.

మా పీజీలో ఒక జూనియర్ అమ్మాయి ఉంది. ఒకరోజు ఫోన్ చూపించి "అక్కా, దీనికి 4.6 ఉంది. ఇందులో బలవంతం సీన్లు ఉంటాయా?" అని అడిగింది. అలాంటివి తనకి పడవట. ఎందుకో తను చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరం కూర్చుని రివ్యూలన్నీ స్క్రోల్ చేశాం. "ఏడ్చేశా", "హీరో సూపర్ హాట్", "ఆర్ట్ అదిరింది". తను అడిగినదానికి జవాబు ఒక్కటీ లేదు. చివరికి అంతకుముందే చదివినదాన్ని కాబట్టి నేనే చెప్పా: "రెండో వాల్యూమ్‌లో ఉంది, వద్దులే."

ఆలోచించండి. ఈ అమ్మాయి ఇంకెవర్ని అడుగుతుంది? అమ్మని అడగలేదు. లైబ్రరీలో అడగలేదు. మన ఊళ్లలో ఈ పుస్తకాలు చదివేవాళ్లలో చాలామందికి అర్ధరాత్రి ఫోన్ వెలుగులో కనబడే ఆ స్టార్లే అక్క, స్నేహితురాలు, లైబ్రేరియన్. అందుకే ఆ స్టార్లు నిజం చెప్పాలి.

రెండు పుస్తకాలు, నాలుగు గళ్లు

నా దగ్గర ఒక స్ప్రెడ్‌షీట్ ఉంది. నవ్వకండి, వృత్తి అలాంటిది. అందులో నాలుగు గళ్లు: పని, రుచి, ఘాటు, ఒప్పుకోలు. పనికి ఐదుకి మార్కులు. రుచికి చిల్ చిల్ మెట్లు. ఘాటు అంటే సీన్లు ఎంత బాహాటంగా ఉన్నాయన్నది, సున్నా నుంచి ఐదు. అది కొలత మాత్రమే, మార్కు కాదు. మిరపకాయ బొమ్మలు ఎక్కువ ఉన్నంత మాత్రాన వంటకం గొప్పదైపోదుగా. ఒప్పుకోలు గడిలో అంకె ఉండదు. ఒక వాక్యం రాస్తాను.

ఎలా పనిచేస్తుందో రెండు పేరున్న పుస్తకాలతో చూపిస్తా. కథలు కొంచెం బయటపడతాయి, ముందే చెప్తున్నా.

తకరాయ్ రిహితొ గీసిన 'టెన్ కౌంట్' 2013 నుంచి 2017 దాకా వచ్చింది, ఆరు వాల్యూమ్‌లు. షిరొతాని ఒక కంపెనీ ప్రెసిడెంట్‌కి సెక్రటరీ. మురికి అంటే విపరీతమైన భయం, గ్లవ్స్ లేకుండా ఏదీ ముట్టుకోడు. కురొసె ఒక కౌన్సెలర్. నీకు కష్టమనిపించే పది పనులు తేలికైనదాని నుంచి వరసగా రాయమంటాడు. ఒక్కొక్కటీ చేస్తూ పోదాం అంటాడు. షిరొతాని తొమ్మిది రాసి పదోది ఖాళీగా వదిలేస్తాడు. ఓసీడీకి నిజంగానే ఇలాంటి మెట్లవారీ థెరపీ ఉంది. ఆ ఖాళీ గడి కథకి పెట్టిన తాళంలాంటిది. ఇక బొమ్మలైతే, ఒక్క చేతివేళ్ల కోసమే పుస్తకం కొనొచ్చు.

కానీ సాయం చేయాల్సినవాడికీ సాయం కోరినవాడికీ మధ్య ఉండాల్సిన గీత ఇందులో చెరిగిపోతుంది. షిరొతాని నోటితో వద్దంటుండగానే కురొసె ముందుకెళ్లే సీన్లు ఉన్నాయి. నా గళ్లు ఇలా ఉన్నాయి. పని: 4.5. రుచి: తటస్థం. ఘాటు: 4. ఒప్పుకోలు: "కౌన్సెలర్‌కి ఉన్న పైచేయిని కథ రొమాన్స్‌గా వాడుకుంటుంది; 'వద్దు' విననిచోట్లు ఉన్నాయి." దీన్నే ఒక్క నంబర్ చేయమంటే 3.5 అంటాను. ఆ 3.5లో ఆ వేళ్లూ కనబడవు, ఆ హెచ్చరికా కనబడదు.

రెండోది యొనెదా కో గీస్తున్న 'ట్విటరింగ్ బర్డ్స్ నెవర్ ఫ్లై'. 2011 నుంచి వస్తోంది. 2020లో ఆనిమేషన్ సినిమాగా కూడా వచ్చింది. యషిరో యాకుజా ముఠాలో పెద్ద తలకాయ. దోమెకి అతని దగ్గర బాడీగార్డ్‌గా చేరిన మాజీ పోలీసు. ఇందులో హింస 'టెన్ కౌంట్' కంటే చాలా ఎక్కువ. చిన్నప్పుడు ఇంట్లోనే పడ్డ దెబ్బ యషిరో ఇప్పటి ప్రతి మాటలో, ప్రతి వెకిలి నవ్వులో ఉంటుంది. కానీ ఆ హింసకి రచయిత్రి ఎక్కడా ప్రేమ అని పేరు పెట్టలేదు. పైగా ఎవరైనా నిజంగా మెత్తగా చూసుకుంటే తట్టుకోలేక పారిపోయే మనిషిని చూపించింది. నా గళ్లు: పని 5, రుచి కమి, ఘాటు 4. ఒప్పుకోలు: "బలవంతం, బాల్యంలో హింస ఉన్నాయి, కథ వాటిని గాయంగానే చూస్తుంది, మనసు బాగోలేని రోజు చదవకండి."

రెండిటికీ ముందు ఒకే రకం హెచ్చరిక పెట్టొచ్చు. కానీ రెండూ ఒకటి కాదు. మా జూనియర్‌కి రెండూ వద్దనే చెప్తాను. వేరే ఫ్రెండ్‌కి రెండోది చేతిలో పెట్టి పంపిస్తాను.

ఘాటు తక్కువైతే మార్కులు తగ్గాలని కూడా ఎక్కడా లేదు. సగన్ సగన్ గీసిన 'ఓల్డ్ ఫ్యాషన్డ్ కప్‌కేక్'లో నొజుయెకి 39 ఏళ్లు, అతని కింద పనిచేసే తొగవాకి 29. యాంటీ ఏజింగ్ అనే సాకుతో అమ్మాయిలతో కిటకిటలాడే స్వీట్ కేఫ్‌లకి ఇద్దరూ వెళ్తుంటారు. ముప్ఫై దగ్గరపడుతున్న నాలాంటివాళ్లకి "ఇక అంతా అయిపోయింది" అన్న ఆ 39 ఏళ్ల నిట్టూర్పు నేరుగా తగులుతుంది. ఇక్కడా ఆఫీసు హోదా తేడా ఉంది. కానీ ప్రతి అడుగు ముందూ అడగడం, ఆగడం ఉన్నాయి. రుచి: కమి.

'ఛీ పో' సమస్య

ఇక్కడో చిక్కుంది. జపనీస్ బెడ్‌రూమ్ సీన్లలో 'దామె', 'యదా' అనే మాటలు తరచూ వినబడతాయి. మాటకి మాట తెచ్చుకుంటే "కూడదు", "వద్దు" అని అర్థం. ఇంగ్లీష్‌లోకి 'నో' అని దించేస్తే సీన్ అర్థమే మారిపోవచ్చు. మనకిది కొత్త కాదు. "ఛీ పో" అని నవ్వుతూ అనొచ్చు, నిజంగా పొమ్మనీ అనొచ్చు. అలాగని "వాళ్ల భాషలో వద్దంటే కావాలనే" అని కొట్టిపారేయడం ఇంకా ప్రమాదం. హీరో వెంటపడి వెంటపడి చివరికి ఒప్పించే సినిమాలు చూస్తూ పెరిగినవాళ్లం. ఆ లెక్క ఎక్కడికి తీసుకెళ్తుందో మనకి తెలుసు.

నేను చేసేదొకటే. మాట పక్కనపెట్టి బొమ్మ చూస్తాను. ముఖం ఎలా ఉంది, చేతులు తోస్తున్నాయా పట్టుకుంటున్నాయా, ఎదుటివాడు ఒక్క ప్యానెల్ అయినా ఆగి చూశాడా? మాంగా బొమ్మల భాష కాబట్టి మంచి రచయిత్రి జవాబు అక్కడ గీసే ఉంచుతుంది. గీయలేదంటే అది కూడా ఒక జవాబే.

ఇంకో చిన్న విషయం. సీన్ల మధ్యలో తెల్లగా, ఖాళీగా వదిలేసిన చోట్లు చూసి ఆర్ట్‌కి మార్కులు కోసేవాళ్లున్నారు. అది గీసినవాళ్ల బద్ధకం కాదు. జపాన్ శిక్షాస్మృతి 175వ సెక్షన్ ప్రకారం అశ్లీల ప్రచురణ నేరం. 1907 నాటి చట్టం అది. అందుకే ప్రచురణకర్తలు ఆ భాగాలు చెరిపేస్తారు. చట్టానికి పడాల్సిన మైనస్ మార్కు ఆర్టిస్ట్‌కి వేయకండి.

ఎవరి కథ ఇది?

1992లో జపాన్‌లో ఒక పెద్ద గొడవ జరిగింది. సతో మసాకి అనే గే యాక్టివిస్ట్ ఒక చిన్న ఫెమినిస్ట్ పత్రికలో యావోయి మీద మండిపడ్డారు. మా జీవితాల్ని మీ సరదాకి బొమ్మలు చేసి ఆడుకుంటున్నారన్నది ఆయన బాధ. దాని మీద ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. అందరూ ఒప్పుకున్న తీర్పంటూ ఏమీ రాలేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం నా రేటింగ్ ముందు కూర్చునే ఉంటుంది.

ఎందుకంటే ఈ పేజీల్లో ఇద్దరు మగవాళ్ల పెళ్లి ఎంత సులువుగా అయిపోతుందో! బయట జపాన్‌లో జాతీయ చట్టం ఇంకా దాన్ని గుర్తించలేదు. టోక్యోలో 2022 నవంబర్ నుంచి పార్ట్‌నర్‌షిప్ సర్టిఫికెట్ మాత్రం ఇస్తున్నారు. మన దగ్గర 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ నుంచి పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధాన్ని తప్పించింది. 2023 అక్టోబర్ 17న పెళ్లి హక్కు దగ్గర మాత్రం ఆగిపోయింది. పుస్తకంలో ఇదంతా ఉండాల్సిందే అనను. తియ్యటి కలకి కల మార్కులు ఇస్తాను. కానీ ఆ ఇద్దరికీ ఇంటి అద్దె, అమ్మానాన్న, ఆఫీసు ఉంటే ఇంకో గీత ఎక్కువ వేస్తాను. యొషినగా ఫుమి 2007 నుంచి ఒక మామూలు వారపత్రికలో గీస్తున్న 'వాట్ డిడ్ యు ఈట్ యెస్టర్‌డే?'ని బీఎల్ అనలేం. ఘాటు సున్నా. లాయర్ షిరో, హెయిర్ డ్రెస్సర్ కెంజి, వంటింట్లో నెల ఖర్చు లెక్కలు. అయినా నా షీట్‌లో పైవరసలో ఉంటుంది.

మీరు రేటింగ్ ఇచ్చేటప్పుడు

సగంలో వదిలేస్తే అంకె వేయకండి, "ఇక్కడ ఆపాను, ఇందుకు" అని రాయండి. నచ్చకపోతే "నా టేస్ట్ కాదు" అని మొదలుపెట్టండి. బలవంతం ఉంటే ఏ వాల్యూమ్‌లో ఉందో ఒక్క ముక్క చెప్పండి, పది స్టార్లు ఇచ్చినా సరే. డబ్బులు పెట్టి కొన్న అధికారిక ఎడిషన్ చదివి రేట్ చేస్తే, గీసినవాళ్లకి కూడా ఏదో చేరుతుంది.

టెక్ మనిషిగా ఇంకో రెండు మాటలు. చాలాచోట్ల మీ చదివిన లిస్ట్ ఎవరైనా చూసేలా పబ్లిక్‌గా ఉంటుంది. సెట్టింగ్స్ చూసుకోండి, సొంత పేరూ ఆఫీస్ మెయిల్ అక్కడ వాడకండి. ఇంటిల్లిపాదీ వాడే ఈబుక్ అకౌంట్‌లో ఈ పుస్తకాలు కొంటే కవర్ నాన్న ట్యాబ్లెట్‌లో కూడా ప్రత్యక్షమవుతుంది. పేజీల స్క్రీన్‌షాట్లు గ్రూపుల్లో పంపకండి. చదవడం వేరు, పంచడం వేరు. ఐటీ చట్టంలో 67, 67ఏ సెక్షన్లు ఉన్నవి అలా పంపేవాళ్ల కోసమే.

మిగతాదంతా ఒక్క వాక్యం. మీకు నచ్చిన పుస్తకం ఒకటి తీసి, దాని గురించి ముందే తెలిస్తే బాగుండేదనిపించిన ఒక్క ముక్క ఈ రాత్రే రాసిపెట్టండి. మీకు ముఖం కూడా తెలియని ఎవరో ఆ వాక్యం చదివి, "సరే, ఇది నాకు" అనో, "వద్దులే" అనో నిశ్చింతగా తేల్చుకుంటారు.

వచ్చే వారం: బొమ్మల్లో మాట్లాడని పేజీలు, అంటే డైలాగే లేని మాంగాల గురించి. అప్పటిదాకా బ్రైట్‌నెస్ తగ్గించి చదువుకోండి. కళ్లు జాగ్రత్త.